విశాఖ దాహం తీర్చే గోస్తని

ఓడరేవు ఉంది. ఉక్కు కర్మాగారం ఉంది. నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్నాయి. లేనిదల్లా ఒక పెద్ద నది. రాజమహేంద్రవరానికి గోదావరి, విజయవాడకు కృష్ణ, శ్రీకాకుళానికి నాగావళి ఉన్నట్లు విశాఖపట్నం నడిబొడ్డున పారే జీవనది ఏదీ కనిపించదు. ఓడరేవు సైతం మహానదీ ముఖద్వారంలో వెలసినది కాదు. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట ఉన్న చిత్తడి నేలను తవ్వి, లోతు చేసి, 1933లో దానిని రేవుగా మలిచారు. గెడ్డ అంటే ఉత్తరాంధ్ర వాసుల వాడుకలో కొండవాగు. అటువంటి గెడ్డ మీద అంతర్జాతీయ రేవును నిలబెట్టుకున్న నగరం తాగునీటికి మాత్రం చుట్టుపక్కల జిల్లాల వైపు చూడవలసి వస్తోంది.

నది అనే పేరుతో విశాఖ మహానగరపాలక సంస్థ పరిధిలో సముద్రాన్ని చేరుతున్న వాటిలో చెప్పుకోదగినది గోస్తని ఒక్కటే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను తాకుతూ దిగువకు వచ్చి, విజయనగరం జిల్లా పొలాలను తడిపి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలిసే ఈ నది పొడవు సుమారు 120 కిలోమీటర్లు. గోదావరితో పోలిస్తే ఇది పాయ పాటి కూడా చేయదు. వేసవిలో చాలాచోట్ల మోకాలి తడి కూడా తగలకుండా నదిని దాటవచ్చు. అయినా కొండల్లో గిరిజనుడికి, మైదానంలో వరి రైతుకు, తీరంలో మత్స్యకారుడికి, నగరంలో కుళాయి తిప్పే గృహిణికి ఆధారం ఈ చిన్న నదే.

(పశ్చిమ గోదావరి డెల్టాలో తణుకు పరిసరాల్లోనూ గోస్తనీ పేరుతో ఒక ప్రవాహం ఉంది. దానికీ, దీనికీ సంబంధం లేదు.)

ఆవు పొదుగు నుంచి...

గో అంటే ఆవు, స్తనం అంటే పొదుగు. నదికి ఈ పేరు రావడం వెనుక బొర్రా ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. కొండమీద మేస్తున్న ఆవు ఒకటి పైకప్పులోని రంధ్రం గుండా గుహలో పడిపోయిందట. దానిని వెతుక్కుంటూ లోపలికి దిగిన పశువుల కాపరికి శివలింగం ఆకారంలో ఉన్న రాయి కనిపించింది. ఆవును కాపాడినది ఆ శివుడేనని నమ్మి గ్రామస్తులు అక్కడ పూజలు మొదలుపెట్టారు. లింగంపై ఆవు రూపంలో ఉన్న శిల పొదుగు నుంచే నది పుట్టిందని వారి విశ్వాసం. మహాశివరాత్రికి చుట్టుపక్కల గిరిజన గ్రామాల నుంచి, మైదాన ప్రాంతాల నుంచి భక్తులు ఇక్కడికి పెద్దసంఖ్యలో తరలివస్తారు.

కథ మాట అలా ఉంచితే, గుహలకూ నదికీ ఉన్న బంధం నిజమైనదే. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ గుహలు సున్నపురాతి పొరల్లో ఏర్పడ్డాయి. వాననీరు నేలలోని ఆమ్లగుణాన్ని కలుపుకొని రాతి పగుళ్లలోకి ఇంకినప్పుడు సున్నం కొద్దికొద్దిగా కరుగుతుంది. అలా కరిగిన మేర ఖాళీ ఏర్పడుతుంది. పైకప్పు నుంచి చుక్క చుక్కగా కారే నీటిలోని సున్నం తిరిగి గట్టిపడి, పైనుంచి కిందికి ఊడల్లా, కిందినుంచి పైకి పుట్టల్లా పెరుగుతుంది. సందర్శకులు శివపార్వతులుగా, తల్లీబిడ్డలుగా చూపించుకునే ఆకృతులన్నీ ఈ విధంగా ఏర్పడినవే. లక్షల సంవత్సరాల పాటు సాగిన ఈ పనిలో నీరే శిల్పి. ఇప్పటికీ గుహల అడుగుభాగాన గోస్తని పారుతూనే ఉంది. సమీపంలోని కటికి జలపాతం కూడా గోస్తని ప్రవాహమే.

గుహల పైభాగం మీదుగానే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సాగుతుంది. బస్తర్‌లోని బైలడిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960 దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. తదనంతర కాలంలో విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా బైలడిల్లా ఖనిజమే ఆధారమయింది. ఒకే కొండ మీదుగా నగరపు పరిశ్రమకు ముడిసరుకు, అదే కొండ కిందుగా నగరపు కుళాయికి నీరు దిగి వస్తున్నాయన్నమాట. అరకు వెళ్లే రైలు కిటికీ నుంచి చూసేవారికి మొదటిది కనిపిస్తుంది, రెండవది కనిపించదు.

జన్మస్థానంపై సుప్రీం తీర్పు

నది పుట్టిన చోటే దేశ న్యాయచరిత్రలో నిలిచిపోయిన వివాదం ఒకటి పుట్టింది. అనంతగిరి మండలంలోని బొర్రా రిజర్వు అటవీ ప్రాంతం, దాని పరిసరాల్లోని 14 గ్రామాలు రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందకు వస్తాయి. కొండదొర, నూకదొర తదితర గిరిజనులు ఇక్కడ నివసిస్తున్నారు. ఈ ప్రాంతంలో సున్నపురాయి జాతికి చెందిన కాల్‌సైట్ తదితర ఖనిజాల తవ్వకాలకు గిరిజనేతర సంస్థలకు ప్రభుత్వం లీజులు ఇచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ దీనిని న్యాయస్థానంలో సవాలు చేసింది.

1997 జూలైలో సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు సమత తీర్పుగా ప్రసిద్ధమయింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే చట్టం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, ప్రభుత్వ భూమి అయినా, అటవీ భూమి అయినా ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకు ఇవ్వడం చెల్లదని ధర్మాసనం స్పష్టం చేసింది. ఈ తీర్పును గిరిజన హక్కుల కోణంలోనే ఎక్కువగా చర్చించారు. అది సహజమే. అయితే దిగువన ఉన్నవారికి కూడా దాని ఫలం అందిందన్న సంగతి అంతగా ప్రస్తావనకు రాలేదు. సున్నపురాతి కొండ వాననీటిని పట్టి ఉంచి, నెమ్మదిగా వదిలే తొట్టి వంటిది. ఆ కొండను తవ్వి తరలిస్తే వాన కురిసిన నాడు వరద, ఆ మర్నాడు బురద తప్ప నదికి మిగిలేది ఉండదు.

కొండలపై అటవీ శాఖ, అటవీ అభివృద్ధి సంస్థ, గిరిజన రైతులు పెంచుతున్న కాఫీ తోటలు సైతం ఈ విధంగానే నదికి మేలు చేస్తున్నాయి. కాఫీ మొక్కకు నీడ కావాలి. నీడ కోసం సిల్వర్‌ఓక్ వంటి చెట్లను నిలుపుతారు. వాటికి మిరియాల తీగలను పాకిస్తారు. చెట్టు నిలిచినచోట మట్టి కోత తగ్గుతుంది. పోడు కోసం నరికిన వాలుల నుంచి మాత్రం ప్రతి వర్షానికీ మట్టి నదిలోకి దిగుతూనే ఉంటుంది. అది చివరకు చేరేది దిగువన ఉన్న జలాశయంలోకే.

తాటిపూడి: ఒక జిల్లాలో కట్టి...

కొండలు దిగిన గోస్తనికి విజయనగరం జిల్లా గంట్యాడ మండలం తాటిపూడి వద్ద అడ్డుకట్ట పడింది. 1963లో మొదలైన జలాశయ నిర్మాణం 1968 నాటికి పూర్తయింది. మూడు వైపుల కొండలు, మధ్యలో నీరు, ఒక పక్క గట్టు. విశాఖ, విజయనగరం వాసులకు ఇది విహారస్థలంగా కూడా పరిచయమే. సెలవు రోజుల్లో పడవ షికారుకు వచ్చేవారిలో చాలామంది తమ ఇంటి కుళాయి నీటి మీదనే విహరిస్తున్నామన్న సంగతి ఎరుగరు.

జలాశయం నిల్వ సామర్థ్యం మూడు టీఎంసీలకు కాస్త పైన, 3.175 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. కాబట్టి నిండుగా ఉన్నప్పుడు తాటిపూడిలో దాదాపు 9 వేల కోట్ల లీటర్ల నీరు ఉంటుంది. వినడానికి ఇది పెద్ద అంకె. కానీ ఈ నీటికి ఇద్దరు హక్కుదారులు ఉన్నారు. ఒకరు గంట్యాడ, శృంగవరపుకోట, జామి మండలాల్లోని రమారమి 15 వేల ఎకరాల ఆయకట్టు రైతులు. రెండవవారు విశాఖ నగర ప్రజలు. జలాశయం నుంచి నగరానికి గొట్టపు మార్గం ద్వారా నీటిని తరలిస్తున్నారు.

ఇక్కడ జిల్లాల చరిత్రను కొంచెం గుర్తు చేసుకోవాలి. తాటిపూడి కట్టే నాటికి విజయనగరం జిల్లా లేదు. గంట్యాడ, శృంగవరపుకోట ప్రాంతాలు అప్పటి విశాఖపట్నం జిల్లాలోనివే. జిల్లా నీటిని జిల్లా కేంద్రానికి తీసుకువెళ్లడంలో పెద్దగా అభ్యంతరానికి తావు ఉండేది కాదు. 1979 జూన్ 1న విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలను విడదీసి విజయనగరం జిల్లాను ఏర్పాటు చేశారు. గట్టు, కాలువలు, ఆయకట్టు కొత్త జిల్లాకు వెళ్లగా, గొట్టపు మార్గం చివరి కొస విశాఖలో మిగిలింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరడంతో నది పుట్టుక మూడవ జిల్లా పాలయింది. ఆ విధంగా 120 కిలోమీటర్ల నదికి పైభాగాన ఒక కలెక్టరు, నడుమ ఒక కలెక్టరు, కింద ఒక కలెక్టరు ఏర్పడ్డారు. నదికి మాత్రం సరిహద్దు రాళ్లు తెలియవు.

వానలు బాగా కురిసిన సంవత్సరం ఈ పంపకం ఎవరికీ గుర్తుండదు. చిక్కంతా వర్షాభావ సంవత్సరాల్లోనే. ఆకుమళ్లు పోసి, ఉభాల కోసం రైతు కాలువ వంక చూస్తున్న సమయంలోనే నగరంలో రోజు విడిచి రోజు నీటి సరఫరా ప్రసక్తి వస్తుంది. జాతీయ జల విధానం తాగునీటికి ప్రథమ ప్రాధాన్యం ఇచ్చింది, సేద్యం ఆ తర్వాతే. నిబంధన న్యాయమైనదే కావచ్చు. కానీ దాహం వేసినవాడు నగరంలో ఉండి, పంట ఎండినవాడు గ్రామంలో ఉన్నప్పుడు నిబంధన భారం ప్రతిసారీ ఒకే పక్షాన పడుతుంది. పైగా నగరంలో ‘తాగునీరు’ పేరుతో వచ్చినదంతా తాగడానికే వినియోగం కావడం లేదు. వాహనాలు కడగడానికి, తోటలకు, నిర్మాణాలకు పోయేది కూడా అదే గొట్టంలో వస్తుంది. ఆయకట్టు చివరి భూముల రైతు అడిగే ప్రశ్న ఇదే. దానికి జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

పెరిగిన నగరం

1901 జనాభా లెక్కల నాటికి విశాఖపట్నం జనాభా సుమారు 41 వేలు. రేవు వచ్చిన తర్వాత, 1951 నాటికి అది లక్షా 8 వేలకు చేరింది. 2011 నాటికి నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షలు దాటింది. మొదట్లో సింహాచలం కొండల చెంత ఉన్న ముడసర్లోవ నీరు పట్టణానికి ఆదరువుగా ఉండేది. తర్వాత గోస్తని, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, శారదా నదిపై ఉన్న రైవాడ జలాశయం ఒక్కొక్కటిగా తోడయ్యాయి. ఇవి కూడా చాలక 153 కిలోమీటర్ల పొడవైన ఏలేరు ఎడమ కాలువ ద్వారా నీటిని తెచ్చుకోవలసి వచ్చింది. ఉక్కు కర్మాగారానికి ఆ కాలువే ప్రాణనాడి.

ఏలేరు వచ్చిన తర్వాత గోస్తని ప్రాధాన్యం తగ్గిందని భావించేవారు ఉన్నారు. లెక్కల ప్రకారం నగర సరఫరాలో దాని వాటా తగ్గిన మాట వాస్తవమే. అయితే ఏలేరు నీరు వచ్చేది నగరానికి పడమటి దిక్కు నుంచి. గోస్తని ఉన్నది ఉత్తరాన. నగరం ఇప్పుడు పెరుగుతున్నది కూడా ఉత్తరం వైపే. మధురవాడ నుంచి ఆనందపురం, తగరపువలస మీదుగా ఇళ్లు బారులు తీరుతున్నాయి. ఆ పైన భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగాక భూముల ధరలతో పాటు నీటి గిరాకీ కూడా ఇటే మళ్లింది. దేశంలో తొలితరం పురపాలక సంఘాలలో ఒకటిగా 1861లో ఏర్పడిన భీమునిపట్నం 2013లో విశాఖ నగరపాలక సంస్థలో విలీనమయింది. దానితో గోస్తని ముఖద్వారం సాంకేతికంగా నగరంలో భాగమయింది.

పద్మనాభం చెంత

తాటిపూడి దిగువన జామి మీదుగా సాగే గోస్తని తిరిగి విశాఖ జిల్లాలో ప్రవేశించి పద్మనాభం ప్రాంతానికి చేరుతుంది. కొండపై అనంత పద్మనాభస్వామి, కింద కుంతీ మాధవస్వామి కొలువైన ఊరు ఇది. కార్తీక అమావాస్య నాడు కొండ మెట్లకు దీపాలు పెట్టే ఉత్సవం ఇక్కడ ప్రసిద్ధి. వెయ్యికి పైగా ఉన్న మెట్లన్నీ ఒకేసారి వెలిగిన దృశ్యం దూరానికి కూడా కనిపిస్తుంది.

చరిత్రలో పద్మనాభం పేరు నిలిచినది మాత్రం మరో కారణంగా. విజయనగర సంస్థానాధీశుడు విజయరామ గజపతిరాజు, ఈస్టిండియా కంపెనీకి మధ్య పేష్కసు బకాయిల వివాదం ముదిరింది. సంస్థానం వదిలి మచిలీపట్నం వెళ్లాలన్న కంపెనీ ఆదేశాన్ని రాజు తోసిపుచ్చి, అనుచరులతో పద్మనాభం చేరాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలోని కంపెనీ సేనలు దాడి చేశాయి. గంట సేపైనా సాగని ఆ యుద్ధంలో రాజు, ఆయన వెంట ఉన్న పలువురు వీరులు నేలకొరిగారు. రాజు సమాధి పద్మనాభంలో నేటికీ ఉంది.

ఇసుక ఉంటేనే ఊట

పద్మనాభం నుంచి భీమిలి వరకు నదీగర్భంలో ఇసుక మేటలు ఉన్నాయి. నది ప్రాణం ఉన్నది ఈ ఇసుకలోనే. పైకి ఎండినట్లు కనిపించినా ఇసుక రేణువుల సందుల్లో నీరు నిలిచి, నెమ్మదిగా దిగువకు కదులుతూ ఉంటుంది. ఎండ నేరుగా తగలదు కాబట్టి చెరువు నీటిలా ఆవిరి కాదు. వడకట్టినట్లు తేటగా ఉంటుంది. వేసవిలో చెలమ తవ్వి నీరు తోడుకున్న ఏ పల్లెవాసికైనా తెలిసిన విషయమే ఇది.

ఈ సూత్రం మీదనే నదీగర్భంలో ఊటబావులు నిర్మించారు. ఇసుకలోకి లోతుగా సిమెంటు వలయాలు దించి, లోపలికి చేరిన ఊటను మోటార్లతో తోడి ఒడ్డుకు చేర్చడం దీని పద్ధతి. తీర గ్రామాలకు, భీమిలికి, విశాఖ నగరానికి గోస్తని ఊటబావుల నీరు వెళుతోంది. జలాశయం నీటితో పోలిస్తే శుద్ధి ఖర్చు తక్కువ. ముంపు గ్రామాలు ఉండవు. ఆయకట్టు తగాదా ఉండదు. ఒకే ఒక్క షరతు, ఇసుక అక్కడే ఉండాలి.

ఆ ఒక్క షరతే నెరవేరడం కష్టంగా ఉంది. నగరం ఉత్తరంగా పెరుగుతోందంటే ఇళ్లు లేస్తున్నాయని, ఇళ్లు లేస్తున్నాయంటే ఇసుక కావాలని అర్థం. విశాఖ నిర్మాణాలకు ప్రధానంగా శ్రీకాకుళం జిల్లాలోని వంశధార, నాగావళి రేవుల నుంచి ఇసుక వస్తుంది. దూరం ఎక్కువ కావడంతో రవాణా ఖర్చు పెరుగుతుంది. పక్కనే ఉన్న గోస్తని ఇసుకపై కన్ను పడటానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. ఎడ్లబండి, ట్రాక్టరు, లారీ... వాహనం మారింది తప్ప తవ్వకం ఆగలేదు. ఒక వరదలో నది కొండల నుంచి తెచ్చి వేసే ఇసుక ఎంతో, దానికి మించి తోడితే మేట తరుగుతుంది. పైగా తాటిపూడి గట్టు కట్టాక ఎగువ ఇసుకలో చాలా భాగం జలాశయంలోనే నిలిచిపోతోంది. అంటే దిగువ నదికి రాబడి తగ్గిన తర్వాతే ఖర్చు పెరిగింది.

మేట తరిగితే ఏమవుతుందో చెప్పడానికి పరిశోధన అక్కరలేదు. ఊటబావి చుట్టూ ఇసుక మట్టం పడిపోతే వలయాలు బయటపడతాయి. నీటి మట్టం దిగుతుంది. మోటారు గంటలు తగ్గుతాయి. గట్టు పొలాల బోర్లు కూడా ఆ వెంటనే లోతుకు పోతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్నచోట మరో ప్రమాదం ఉంది. మంచినీటి ఒత్తిడి తగ్గిన మేరకు ఉప్పునీరు లోపలికి చొచ్చుకువస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి తిరిగి తీపి కావడానికి సంవత్సరాలు పడుతుంది.

రాష్ట్రంలో 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం ఇసుక తవ్వకాలపై ఆంక్షలు విధించే అధికారాన్ని ఇచ్చింది. వంతెనలు, తాగునీటి పథకాల వంటి కట్టడాల చేరువలో తవ్వరాదన్నది ఈ చట్టం పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే నిబంధన. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి గోస్తనిని దాటేది తగరపువలస వద్దనే. వంతెన స్తంభాలకు, బావి వలయాలకు ఆధారం ఒకే ఇసుక. చట్టం కాగితంపై పకడ్బందీగానే ఉంది. అమలు రెవెన్యూ, గనులు, పోలీసు, నీటిపారుదల, నగరపాలక శాఖల మధ్య పంచబడి ఉంది. అందరి బాధ్యత అయినది రాత్రివేళ ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది.

గోగునార, గన్నీ సంచి

తగరపువలస పక్కనే నది ఒడ్డున చిట్టివలస ఉంది. ఈ ఊరి పేరు చెప్పగానే జూట్ మిల్లు గుర్తుకు వస్తుంది. ఉత్తరాంధ్రలో పండే గోగునారకు అంతర్జాతీయ విపణిలో ‘బిమ్లీ జూట్’ అనే పేరుంది. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతి అయినందున ఆ పేరు స్థిరపడింది. బెంగాల్ జనపనారకు సమీప బంధువులాంటి ఈ నార మెట్ట భూముల్లో వర్షాధారంగా పండుతుంది. అయితే కోసిన గోగు కట్టలను రోజుల తరబడి నీటిలో నానబెడితే తప్ప పుల్ల నుంచి నార విడివడదు. పండించడానికి వాన చాలు, నార తీయడానికి మాత్రం చెరువో, గెడ్డో, నదో నిండుగా ఉండాలి. నీళ్లు లేని ఏడు గోగు రైతుకు పంట చేతికి వచ్చినా డబ్బు చేతికి రాదు.

ఈ నారతో గన్నీ సంచులు నేసే చిట్టివలస మిల్లు తరతరాలుగా తగరపువలస, భీమిలి ప్రాంతాల్లోని వేలాది కుటుంబాలకు జీవనాధారంగా నిలిచింది. ప్లాస్టిక్ సంచుల పోటీ, గిట్టుబాటు సమస్యలు జూట్ పరిశ్రమను దేశమంతటా కుదిపిన రోజుల్లో, 2009లో మిల్లు మూతపడింది. మిల్లు సైరన్‌తో పొద్దు తెలుసుకున్న ఊరికి ఆ నిశ్శబ్దం అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. కార్మికుల్లో కొందరు విశాఖ పరిశ్రమల్లో కూలీలుగా చేరారు, కొందరు భవన నిర్మాణ పనుల వైపు మళ్లారు.

భీమిలి మొగ వద్ద

గోస్తని సాగర సంగమానికి ఎదురుగా పావురాలకొండ ఉంది. క్రీస్తుపూర్వపు శతాబ్దాల నుంచి ఇక్కడ బౌద్ధ విహారం వర్ధిల్లినట్లు పురావస్తు ఆధారాలు ఉన్నాయి. కొండమీద రాతిలో తొలిచిన 16 తొట్లు నేటికీ కనిపిస్తాయి. భిక్షువులు వాననీటిని పట్టి నిల్వ చేసుకునేందుకు వీటిని తొలిచారు. భీమిలి దారిలోనే ఉన్న తొట్లకొండకు ఆ పేరు రావడానికి కారణం కూడా ఇటువంటి తొట్లే. కొండ దిగితే నది ఉన్నా, కొండమీద నీటిని కొండమీదనే నిల్వ చేసుకున్నారు వారు.

17వ శతాబ్దంలో డచ్చివారు భీమిలిలో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. సముద్రంలో ఓడలు లంగరు వేయగా, పడవలపై సరుకు దించి ఎక్కించేవారు. 1825లో ఈ స్థావరం ఆంగ్లేయుల పరమయింది. డచ్చివారి సమాధులు మాత్రం ఊరిలో మిగిలాయి. విశాఖలో ఓడలు నేరుగా లోపలికి వచ్చే రేవు తయారయ్యాక పడవల మీద సరుకు మోసే భీమిలికి వర్తకుల అవసరం తీరిపోయింది.

సంగమస్థానాన్ని స్థానికులు మొగ అంటారు. ఇక్కడ నది వెడల్పుగా పరుచుకొని, ఆటుపోట్లతో ఉప్పునీరు, మంచినీరు కలగలిసి ఉంటుంది. రొయ్య పిల్లలు, పీతలు, చిన్న చేపలు పెరిగేది ఇటువంటి కలగలుపు నీటిలోనే. జాలరి, వాడబలిజ కుటుంబాలకు సముద్రంలో వేట నిషేధం ఉన్న రోజుల్లో కూడా మొగలో విసురు వలతో నాలుగు చేపలు దొరుకుతాయి. అయితే ఎగువ నుంచి ప్రవాహం సన్నగిల్లిన నెలల్లో అలలు తెచ్చిపోసిన ఇసుక తిన్నెలా పేరుకొని మొగకు అడ్డుపడుతుంది. అప్పుడు లోపలి నీరు నిలిచిపోయి, పడవ బయటకు పోవడానికి దారి ఉండదు. వర్షాకాలంలో కొండల్లో వాన కురిసి, తాటిపూడి నిండి, గేట్లు ఎత్తిన నీరు జామి, పద్మనాభం, తగరపువలస దాటి వచ్చి ఆ తిన్నెను కోసివేసే వరకు మత్స్యకారులు ఎదురు చూస్తారు. ఎర్రటి కొత్త నీరు సముద్రంలోకి చారలా దిగిన రోజున అనంతగిరిలో వానలు పడ్డాయని భీమిలి తెలుసుకుంటుంది.